గౌరామీల ట్యాంకును పైనుంచి కట్టాలి

మొక్కల అక్వేరియం పెట్టాలనుకునేవాళ్ళ ఆలోచన ఎప్పుడూ అడుగు నుంచే మొదలవుతుంది. ఏ మట్టి వేయాలి, ఎంత మందం వేయాలి, ముందు వరసలో గడ్డిలా పరుచుకునే మొక్క ఏది, రాళ్ళెక్కడ, మొద్దు ఎక్కడ. ఆ తర్వాత లైటు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, గంటకు పది సార్లు నీళ్ళు తిప్పే ఫిల్టరు. అంతా అయ్యాక, ఆఖరున చేపల ఊసు వస్తుంది. "నెమ్మదైనది, అందంగా ఉండేది, పెద్దగా పెరగనిది ఏదైనా చెప్పండి" అంటారు. ఎవరో ఒకరు గౌరామీ పేరు చెప్తారు. మాట నిజమే, చేప మంచిదే. కాకపోతే ఆ ట్యాంకు దానికోసం కట్టింది కాదు.

గౌరామీ బతుకంతా నీటి పైపొరతో ముడిపడి ఉంటుంది. ఊపిరి అక్కడ, తిండి అక్కడ, గూడు అక్కడ. అందుకే చిన్న గౌరామీల కోసం కట్టే ట్యాంకును పైనుంచి కిందికి ఆలోచించుకుంటూ రావాలంటాను. పై పది సెంటీమీటర్లు సరిగ్గా కుదిరితే, అడుగున మామూలు ఇసుక, నాలుగు క్రిప్టోకోరైన్ దుబ్బులు ఉన్నా చేప నిండు రంగుతో తిరుగుతుంది. పైభాగం చెడితే మాత్రం, కింద ఎంత గొప్ప తోట పెంచినా ఆ చేప హీటరు వెనక నక్కి, రంగు వెలిసిపోయి కనిపిస్తుంది. "శాంతమైన చేప" అని పుస్తకాల్లో రాసే గుణంలో సగం చేపది, సగం ఆ ట్యాంకుది.

ఏ గౌరామీ?

పేరొక్కటే గానీ ఆ పేరు కింద ఉన్నవి ఒక రకం కావు. ఓస్ఫ్రోనెమస్ గోరామి 70 సెం.మీ. దాకా పెరిగే తిండి చేప. కిస్సింగ్ గౌరామీ 20 సెం.మీ. దాటుతుంది. బ్లూ, గోల్డ్, ఒపలైన్ అని మూడు పేర్లతో అమ్మే చేప నిజానికి త్రీ స్పాట్ గౌరామీయే. 12–15 సెం.మీ. పెరుగుతుంది, మగది పక్కవాటిని ఊపిరి తీసుకోనివ్వదు. పెర్ల్ గౌరామీ స్వభావం మంచిదే కానీ 10–12 సెం.మీ. పొడవు చేప, నాలుగు అడుగుల ట్యాంకు లేకపోతే దాని జోలికి పోకపోవడమే మేలు. ఇవన్నీ పక్కన పెడితే మిగిలే అసలైన చిన్నవి: హనీ, స్పార్క్లింగ్, డ్వార్ఫ్, చాకొలెట్, లికరిస్ గౌరామీలు.

చివరి రెండింటినీ ఇక్కడ వదిలేస్తున్నాను. చాకొలెట్ గౌరామీకి, లికరిస్ గౌరామీకి పీహెచ్ 4–6 మధ్య ఉండే మెత్తటి, ఆకుల రసం దిగిన నల్లనీళ్ళు కావాలి. లికరిస్‌కు బతికున్న మేత తప్ప మరొకటి ఎక్కదు. వాటిని పెంచేవాళ్ళు వాటి చుట్టూనే ట్యాంకు కడతారు, అది వేరే విద్య.

డ్వార్ఫ్ గౌరామీ దగ్గర నాకు గట్టి అభ్యంతరమే ఉంది. నీలం, ఎరుపు చారలతో అంత అందమైన చేప ఇంకోటి లేదు, దుకాణాల్లో దాన్నే ముందు చూపిస్తారు. కానీ గుంపులు గుంపులుగా ఫారాల్లో పెంచిన ఈ చేపలను ఇరిడోవైరస్ పట్టుకుంది. దానికి డ్వార్ఫ్ గౌరామీ ఇరిడోవైరస్ అనే పేరే స్థిరపడింది. సోకిన చేప ఒళ్ళు నల్లబడుతుంది, తిండి మానేస్తుంది, పక్కల మీద పుళ్ళు లేస్తాయి, పొట్ట ఉబ్బుతుంది, కొద్ది రోజుల్లో పోతుంది. మందు లేదు. దుకాణంలో చూసినప్పుడు చేప చక్కగానే కనిపిస్తుంది కాబట్టి ఏరి తెచ్చుకోవడం మన చేతిలో లేదు. పైగా అమ్మేవి దాదాపు అన్నీ మగవే, ఎందుకంటే ఆడదానికి రంగుండదు. రెండు మగ డ్వార్ఫ్‌లను రెండడుగుల ట్యాంకులో వేస్తే ఒకటి రెండోదాన్ని మూలకు నెట్టి ఉంచుతుంది. తెలిసినవాళ్ళ దగ్గర పుట్టి పెరిగిన చేప దొరికితే సరే. లేకపోతే మొదటి గౌరామీగా దీన్ని ఎవరికీ చెప్పను.

హనీ గౌరామీ, శాస్త్రీయంగా ట్రైకోగాస్టర్ చూనా, నా మొదటి ఓటు. 4–5 సెం.మీ. మించదు. గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకంలోని చెరువుల్లో, కలుపు నిండిన కాలవల్లో ఉండే చేప. 1822లో హామిల్టన్ గంగానది చేపల గురించి రాస్తూ దీని మగదాన్ని, ఆడదాన్ని చూసి రెండు వేర్వేరు జాతులని చూనా, సోటా అని రెండు పేర్లు పెట్టాడు. ఆ పొరపాటుకు ఆయన్ను తప్పు పట్టలేం. జత కట్టే కాలంలో మగది తేనె రంగులో మెరుస్తుంది, గడ్డం కింద నుంచి పొట్ట అంచు వెంట నలుపు దిగుతుంది, వీపు రెక్క నిమ్మపండు రంగు తేలుతుంది. ఆడది బూడిద కలిసిన లేత పసుపు, పక్కన గోధుమరంగు చార, అంతే. దుకాణంలో బెదిరి ఉన్న మగది కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. అందుకే రంగు చూసి కాక, కడుపు లోపలికి పోకుండా, రెక్కలు విప్పి, చుట్టూ చూస్తూ తిరిగేవాటిని తీసుకోవాలి. రంగు రెండు మూడు వారాల్లో దానంతటదే వస్తుంది.

ఒక మోసం మాత్రం తెలిసి ఉండాలి. "రెడ్ హనీ", "సన్‌సెట్ హనీ" అని అమ్మేవాటిలో చాలాసార్లు అసలు హనీ ఉండదు, థిక్ లిప్డ్ గౌరామీ ఎర్ర రకం ఉంటుంది. అది 8–9 సెం.మీ. పెరుగుతుంది, ఒళ్ళు బరువుగా ఉంటుంది, పెదవులు మందం, మగదాని వీపు రెక్క వెనక మొనదేలి ఉంటుంది. మీ "హనీ" 6 సెం.మీ. దాటి ఇంకా పెరుగుతూనే ఉంటే అది హనీ కాదని తేల్చుకోవచ్చు. బెలూన్ అని ఒళ్ళు గుండ్రంగా కుదించిన రకం కూడా వస్తుంది. వెన్నెముక కురచ చేసి, లోపలి అవయవాలు ఇరుకున పెట్టిన ఆ చేపను కొనకపోతేనే దాన్ని పుట్టించడం ఆగుతుంది.

స్పార్క్లింగ్ గౌరామీ, అంటే ట్రైకాప్సిస్ పుమిలా, 3–4 సెం.మీ. చేప. ఆగ్నేయాసియా పొలాల గుంటల్లో, నిలవ నీటి కాలవల్లో ఉంటుంది. దూరం నుంచి చూస్తే గోధుమరంగు పుల్ల. పక్క నుంచి వెలుతురు పడినప్పుడు ఒంటి మీద నీలి చుక్కలు, కళ్ళ చుట్టూ నీలి వలయం వెలుగుతాయి. దీని ప్రత్యేకత రంగు కాదు, గొంతు. నిజానికి గొంతు కూడా కాదు: ఛాతీ రెక్కల దగ్గరి నరాల్లాంటి కండర తీగలను మీటి టిక్‌టిక్‌మని శబ్దం చేస్తుంది. రెండు ఎదురుపడి రెక్కలు విప్పినప్పుడు ఆ శబ్దం గది ఇవతల కూడా వినిపిస్తుంది, ఫిల్టరు చప్పుడు చేయకపోతే.

నీటి పైపొర

గౌరామీ తలలో, మొప్పల పైన, మడతలు మడతలుగా రక్తనాళాలు నిండిన ఒక అవయవం ఉంటుంది. పైకొచ్చి గుక్కెడు గాలి మింగి, అందులోంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. నీళ్ళు తగ్గినా కాసేపు నెట్టుకొచ్చే కొర్రమీనును చూసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. దగ్గరగా గమనిస్తే ఆ పని అరసెకనులో అయిపోతుంది: చేప ఒళ్ళు కాస్త ఏటవాలు చేసి, మూతి కొన నీటి పొరను పొడిచి వెంటనే దిగిపోతుంది, దిగేటప్పుడు మొప్ప మూత పక్క నుంచి ఒక చిన్న బుడగ జారుతుంది. ఈ రాకపోకలే దాని ఆరోగ్యానికి కొలమానం. ఊరికే నిలబడి ఉన్న చేప మామూలు కంటే పదేపదే పైకి వస్తోందంటే నీళ్ళలోనో, మొప్పల్లోనో ఏదో తేడా వచ్చింది. ముందు అమ్మోనియా, ఆ తర్వాత ఉష్ణోగ్రత చూడండి.

గాలి పీలుస్తుంది కాబట్టి మురికి నీళ్ళైనా ఫర్వాలేదు, ఫిల్టరు లేని గాజు గిన్నెలోనైనా బతుకుతుంది అనేది చాలా చేపలను చంపిన మాట. ఆక్సిజన్ పైనుంచి తెచ్చుకున్నా, ఒంట్లోని అమ్మోనియాను బయటికి పంపేది, ఉప్పుల సమతూకం చూసేది మొప్పలే. నీళ్ళలో అమ్మోనియా పేరుకుంటే ముందు కాలేది అవే. ట్యాంకు సైక్లింగ్, అంటే అమ్మోనియాను విరిచే బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటం, పూర్తి కాకుండా గౌరామీని వేయకూడదు. అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మి.గ్రా.) వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి. కొత్త ఫిల్టరుతో దానికి సాధారణంగా 4–6 వారాలు పడుతుంది. పాత ట్యాంకు స్పాంజ్ దొరికితే చాలా త్వరగా అవుతుంది.

కార్బన్ డయాక్సైడ్ సంగతీ ఇలాంటిదే. మొక్కల ట్యాంకుల్లో 30 పీపీఎం లక్ష్యంగా పెట్టుకోవడం మామూలు. గౌరామీ ఎలాగూ గాలి పీలుస్తుంది కదా, దానికేం అనిపిస్తుంది. కానీ ఒంట్లో తయారయ్యే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ భాగం మొప్పల ద్వారా నీళ్ళలోకే పోవాలి. నీళ్ళలో అప్పటికే అది ఎక్కువుంటే బయటికి పోవడం మందగిస్తుంది. పైగా మూత బిగించిన ట్యాంకులో నీటి పైన ఉన్న పలచటి గాలి పొరలోనూ అది చేరుతుంది, చేప మింగేది ఆ గాలినే. ఈ చేపల ట్యాంకుకు సిలిండరు అక్కర్లేదని నా అభిప్రాయం. ఇక్కడ ముఖ్యమైన మొక్కలు పైన తేలేవి, వాటి ఆకులు గాలిలోనే ఉంటాయి, వాటికి కావలసినంత కార్బన్ డయాక్సైడ్ గదిలోనే ఉంది.

తేలే మొక్కల్లో అమెజాన్ ఫ్రాగ్‌బిట్, సాల్వీనియా, రెడ్ రూట్ ఫ్లోటర్, వాటర్ స్ప్రైట్ బాగా పనికొస్తాయి. అంతరతామర వేర్లు గుబురుగా, పిల్లచేపలకు చాలా బాగుంటాయి గానీ మొక్క చిన్న ట్యాంకుకు పెద్దదైపోతుంది. డక్‌వీడ్‌ను మాత్రం చేతికి అంటుకుని కూడా లోపలికి రానీయకండి. ఒకసారి వచ్చిందంటే ఇక వదలదు. ఫ్రాగ్‌బిట్ వేర్లు 10–15 సెం.మీ. కిందికి వేలాడతాయి, హనీ గౌరామీలు పగలంతా ఆ వేర్ల సందుల్లోనే తిరుగుతాయి. ఈ మొక్కలు నీళ్ళలోని అమ్మోనియం, నైట్రేట్ పీల్చేసుకుంటాయి కాబట్టి ఇవే సగం ఫిల్టరు. వారం వారం మూడో వంతు తీసి పారేస్తే నైట్రేట్ 20 పీపీఎం లోపే ఉంటుంది. ఆకులు పాలిపోతుంటే ఎరువు తక్కువైందని అర్థం: కొత్త ఆకులు తెల్లబడితే ఇనుము, పాత ఆకులు ముందు పసుపెక్కితే నైట్రోజన్.

పైపొర మొత్తం కప్పుకుపోనివ్వకూడదు. మూడో వంతు నుంచి సగం వరకు మొక్కలు, మిగతాది ఖాళీ. ఖాళీ నిలబెట్టడానికి తేలికైన ఉపాయం ఎయిర్ పంపు ట్యూబు. 60 సెం.మీ. ముక్క కోసి, రెండు చివరలూ కనెక్టరుతో కలిపితే దాదాపు 19 సెం.మీ. వెడల్పు వలయం తయారవుతుంది. లోపల గాలి ఉంటుంది కాబట్టి అది తేలుతుంది. సక్షన్ కప్పుతో ఒకచోట అద్దానికి పట్టిస్తే కదలకుండా ఉంటుంది, మేత వేసే చోటూ అదే. ట్యూబు లోపలికి నీళ్ళు ఎక్కితే వలయం మునుగుతుంది, కనెక్టరు బిగుతుగా ఉందో లేదో చూసుకోండి.

నీళ్ళు నిలకడగా ఉన్నచోట పైన జిడ్డు పొర కడుతుంది. మేతలోని నూనె, కుళ్ళిన ఆకుల పదార్థం, బాక్టీరియా కలిసిన పొర అది. గౌరామీ దాన్నే పొడిచి గాలి తీసుకోవాలి, పిల్లచేపలకైతే అది నిజంగానే అడ్డు. రంగు, అచ్చు లేని తెల్లటి టిష్యూ కాగితాన్ని నీటి మీద పరిచి, రెండు చివరలు పట్టి ఎత్తేస్తే చాలావరకు దానికి అంటుకుని వచ్చేస్తుంది. తరచూ కడుతుంటే మేత ఎక్కువవుతోందని అర్థం, లేదా ఫిల్టరు బుడగలు మరీ తగ్గించేశారని.

మూత తప్పనిసరి. కారణాలు రెండు. ఒకటి, ఇవి గెంతుతాయి. స్పార్క్లింగ్ గౌరామీ వైరు కోసం వదిలిన సందులోంచి కూడా బయటపడగలదు. రెండోది, నీటికీ మూతకూ మధ్య 4–5 సెం.మీ. గాలి నీళ్ళంత వెచ్చగా, తేమగా ఉండాలి. చల్లటి పొడిగాలి మింగడం వీటికి మంచిది కాదు, ముఖ్యంగా ఆ అవయవం ఇంకా ఏర్పడుతున్న పిల్లలకు. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా ఫ్రాగ్‌బిట్ ఆకుల మీద పడితే ఆకులు కుళ్ళుతాయి; గాజు మూతను ఒక వైపు కొద్దిగా వాల్చి పెడితే నీళ్ళు అద్దం వెంట దిగుతాయి.

చాలామందికి తట్టని విషయం ఇంకొకటుంది. ఈ చేప మీ గదిలో గాలి పీలుస్తుంది. ఎయిర్ పంపు కూడా అదే గాలిని నీళ్ళలోకి తోస్తుంది. పురుగుల మందుల్లో, దోమల మందుల్లో వాడే పైరెత్రాయిడ్లు మనకు పెద్దగా హాని చేయకపోయినా చేపలకు విషం. ఆ గదిలో స్ప్రే కొట్టాల్సి వస్తే పంపు ఆపి, ట్యాంకును తడిగుడ్డతో కప్పి, కిటికీలు తెరిచి గాలి పూర్తిగా మారాకే మళ్ళీ ఆన్ చేయాలి. అసలు ఆ గదిలో కొట్టకపోతే ఇంకా మంచిది. కొత్తగా రంగులు వేస్తున్న గదికీ ఇదే మాట.

ప్రవాహం, నీళ్ళు

ట్యాంకు ఎత్తు కన్నా పొడవు వెడల్పుల వైశాల్యం ముఖ్యం. 60×30×30 సెం.మీ. ట్యాంకు, అంటే 54 లీటర్లు, ఒక మగ, రెండు ఆడ హనీలకు సరిపోతుంది. స్పార్క్లింగ్ అయితే 45×30×30లో ఆరు పెట్టొచ్చు. 50 సెం.మీ. లోతు ట్యాంకు చూడటానికి గొప్పగా ఉంటుంది కానీ 4 సెం.మీ. చేప ప్రతి ఊపిరికీ అంత దూరం ఎక్కి దిగాలి. నీరసించిన చేపకు అదే పెద్ద శ్రమ.

స్పాంజ్ ఫిల్టరు, వాల్వు ఉన్న ఎయిర్ పంపు. ఇంతకు మించి అక్కర్లేదు. బుడగలు దడదడమని పైకి తన్నకుండా, వరసగా నెమ్మదిగా వచ్చేలా వాల్వు తిప్పాలి. పంపును నీటి మట్టానికి పైన పెట్టండి, లేదా చెక్ వాల్వు బిగించండి. కరెంటు పోయినప్పుడు నీళ్ళు వెనక్కి రాకుండా. వెనక తగిలించే ఫిల్టరే ఉంటే, నీళ్ళు పడేచోట స్పాంజ్ ముక్క అడ్డు పెట్టి ధార విరగ్గొట్టాలి, నీళ్ళు పీల్చే గొట్టానికీ స్పాంజ్ తొడగాలి. ధార సరిపోయిందో లేదో చూడటానికి చిటికెడు మేత నీటి మీద వేయండి. అది వలయంలో మెల్లగా తిరుగుతుంటే బాగుంది. ఒక మూల నుంచి ఇంకో మూలకు కొట్టుకుపోతుంటే ఎక్కువైంది. సాల్వీనియా ఆకుల పైభాగం ఎప్పుడూ తడిసి ఉంటే కూడా ఎక్కువైనట్టే, ఆ మొక్క కుళ్ళిపోయి మీకే చెప్తుంది.

ఉష్ణోగ్రత 24–27 డిగ్రీలు. 54 లీటర్లకు 50 వాట్ల హీటరు చాలు. హనీకి పీహెచ్ 6–7.5 వరకు ఏదైనా సరే, స్పార్క్లింగ్‌కు కాస్త మెత్తటి నీళ్ళు నచ్చుతాయి. పీహెచ్ దించే ద్రావణాలతో ఆటలాడకండి, రోజుకో రీడింగు వచ్చే నీళ్ళకంటే నిలకడగా 7.5 ఉన్న నీళ్ళు నయం. ఎండి రాలిన బాదం ఆకు 30 లీటర్లకు ఒకటి వేస్తే నీళ్ళు లేత టీ రంగుకు తిరుగుతాయి, వెలుతురు మెత్తబడుతుంది, ఆకు మీద పెరిగే సూక్ష్మజీవులు పిల్లచేపలకు మేతవుతాయి. పచ్చి ఆకు, మందు కొట్టిన చెట్టు ఆకు వద్దు.

వారానికి 20–25 శాతం నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళలో క్లోరిన్ విరిచే మందు వేసి, ట్యాంకు ఉష్ణోగ్రతకు ఒకటి రెండు డిగ్రీల తేడాలోకి తెచ్చి, అరచేతి మీదుగానో చిన్న ట్యూబుతోనో మెల్లగా పోయాలి. బకెట్టుతో కుమ్మరిస్తే తేలే మొక్కలన్నీ మునిగి, గుడ్ల కోసం మగది నీటి మీద కట్టిన నురగ గూడు చెదిరి, చేపలు రెండు రోజులు బయటికి రావు.

అడుగు విషయం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ పెద్దగా తప్పు జరగదు. నాలుగైదు సెం.మీ. సన్నటి ఇసుక, క్రిప్టోకోరైన్ల వేర్ల దగ్గర రెండు మూడు నెలలకొకసారి ఎరువు బిళ్ళ. అనుబియాస్, జావా ఫెర్న్‌లను మొద్దుకు కట్టాలి. వాటి దుంప ఇసుకలో పూడిస్తే కుళ్ళుతుంది. క్రిప్టోలు నాటిన కొత్తలో ఆకులన్నీ కరిగిపోతే పీకేయకండి, వేరు గట్టిగా ఉంటే మూడు నాలుగు వారాల్లో చిగురేస్తుంది. ఆక్వాసాయిల్ (మొక్కల ట్యాంకుల కోసం అమ్మే ఎరువు మట్టి) వాడితే మొదటి కొన్ని వారాలు అదే అమ్మోనియా వదులుతుంది, అది ఆగేదాకా చేపలు వద్దు. లైటు రోజుకు 6–7 గంటలు.

చూపుకు అడ్డం

మగ గౌరామీ పోరు ఎక్కువగా చూపు నుంచి మొదలవుతుంది. ఒక మూల నుంచి చూస్తే అవతలి మూల దాకా కనిపించే ట్యాంకులో ఒక మగ హనీ ట్యాంకంతా తనదే అనుకుంటుంది. అదే చేపకు మధ్యలో ఒక గుబురు అడ్డం పెడితే ఇవతలి సగం చాలనుకుంటుంది. ఈ అడ్డం అడుగున రాయి పెడితే కుదరదు, చేప తిరిగేది పైన కాబట్టి. అడుగు నుంచి నీటి మట్టం దాకా లేచే వాలిస్నేరియా లేదా హైగ్రోఫిలా వరస, పైనుంచి వేలాడే ఫ్రాగ్‌బిట్ వేర్లు, నీటి అంచుకు తగిలేలా నిలబెట్టిన కొమ్మ. ఇవి మూడూ కలిసినచోట తరిమే చేప మూడో మలుపుకే మరిచిపోతుంది.

రెండడుగుల ట్యాంకుకు ఒక్క మగ హనీ. రెండు పెట్టాలంటే ట్యాంకు 90 సెం.మీ. అయినా ఉండాలి. స్పార్క్లింగ్‌ల లెక్క వేరు. వాటిని ఆరుకు తక్కువ పెడితే ఒక బలహీనమైనదాని మీదే దెబ్బలన్నీ పడతాయి, గుంపు పెరిగితే కీచులాట పంచుకుపోతుంది. రెండు మగవి పక్కపక్కన నిలబడి రెక్కలు విప్పి టిక్‌టిక్‌మనడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. ఒకదాని తోక చిరుగుతూ, అది పగలంతా పై మూలలో కదలకుండా ఉంటే మాత్రం వేరు చేయాలి. అలా వేరు చేయడానికి రెండో ట్యాంకు లేకపోతే ఒకటికి మించి మగవాటిని పెట్టి చూద్దాం అనే ఆలోచన మొదట్లోనే మానుకోవాలి.

ఒంటి పక్కన గోధుమరంగు చార ఉన్నట్టుండి ముదిరితే హనీ భయపడిందని గుర్తు. నీళ్ళు మార్చిన రోజు ఉంటుంది, మర్నాటికి పోవాలి. రోజుల తరబడి ఉంటే పక్క చేపలను అనుమానించండి.

పొట్ట దగ్గరి రెక్కలు గౌరామీకి రెండు దారాల్లా మారి ఉంటాయి, వాటికి రుచి తెలుస్తుంది. కొత్త కొమ్మ పెట్టిన రోజు చూడండి: హనీ దాని ముందు ఆగి, ఒక దారం ముందుకు చాచి తాకి, వెనక్కి తీసి, రెండోదానితో ఇంకోచోట తాకుతుంది. గుడ్డివాడు గోడ తడుముకున్నట్టే ఉంటుంది ఆ పని. ఈ దారాలను చూసి కొరక్కుండా ఉండలేని చేపలున్నాయి, టైగర్ బార్బ్, సెర్పే టెట్రా లాంటివి. తెగిన దారం మళ్ళీ పెరుగుతుంది, కానీ తెగుతూనే ఉంటే ఆ చేప తిండి మానేసి దాక్కుంటుంది. బెట్టా మగది వద్దు, అదీ ఇదే పైపొరకు పోటీ. గోల్డ్‌ఫిష్ వద్దు. జీబ్రా డానియోలు కొరకవు గానీ వాటి పరుగులకే హనీలు హడలిపోతాయి. ఎంబర్ టెట్రా, హార్లెక్విన్ రాస్బోరా, పిగ్మీ కోరీ, కూలీ లోచ్, ఓటోసింక్లస్ బాగా సర్దుకుంటాయి. ఇవన్నీ నడుమనో, అడుగునో తిరిగేవి, పై అంతస్తు గౌరామీలకు వదిలేస్తాయి. చెర్రీ రొయ్యల పెద్దవి క్షేమం. పిల్లరొయ్యలు స్పార్క్లింగ్‌లకు ఫలహారం.

మేత దగ్గర హనీకి మొహమాటం ఎక్కువ. టెట్రాలు ఎగబడి తినేలోగా అది ఆలోచిస్తూ ఉంటుంది. ముందు ట్యాంకు అవతలి చివర టెట్రాలకు కాస్త వేసి, అవి అటు పోయాక వలయంలో గౌరామీలకు వేయండి. అర మిల్లీమీటరు గుళికలు, నలిపిన ఫ్లేక్, వారానికి రెండు మూడు సార్లు డాఫ్నియా (నీటి ఈగలు), ఆర్టీమియా (ఉప్పునీటి రొయ్యల్లాంటి చిన్న జీవులు) పిల్లలు. స్పార్క్లింగ్‌లు మొదట్లో పొడి మేతను చూసి మొహం తిప్పుకుంటాయి. ఆర్టీమియాతో మొదలుపెట్టి అందులో కొద్దికొద్దిగా గుళికలు కలిపితే అలవాటు పడతాయి. రెండు నిమిషాల్లో తినేంతే వేయాలి. కడుపు కంటి గుడ్డంత ఉబ్బితే చాలు, అంతకు మించి వద్దు.

జబ్బులు

కొత్త చేపను నాలుగు వారాలు విడిగా ఉంచాలి. దానికి గొప్ప ట్యాంకు అక్కర్లేదు: 20–30 లీటర్ల తొట్టి, పాత ట్యాంకులో నానిన స్పాంజ్ ఫిల్టరు, హీటరు, గుప్పెడు తేలే మొక్కలు, మూత. ఈ నాలుగు వారాలను ఎగ్గొట్టినవాళ్ళే తర్వాత మొక్కలు, నత్తలు, రొయ్యలు అన్నీ ఉన్న ట్యాంకులో మందు వేయాలా వద్దా అని తలపట్టుకుంటారు.

వీటికి ఎక్కువగా వచ్చేది వెల్వెట్. తెల్లమచ్చల జబ్బులా ఉప్పురవ్వలు కనిపించవు. సన్నటి పసుపు పొడి చల్లినట్టు ఉంటుంది. లైట్లు ఆర్పి, టార్చి వెలుగు చేప పక్క నుంచి వాలుగా వేస్తేనే తెలుస్తుంది. చేప ఆకులకు ఒళ్ళు రుద్దుకోవడం, రెక్కలు ముడుచుకోవడం ముందు గుర్తులు. రాగి మందు పనిచేస్తుంది, కానీ రొయ్యలను, నత్తలను చంపుతుంది, ఇసుకకు పట్టి ఉంటుంది. అందుకే చేపను తొట్టిలోకి తీసి అక్కడ వేయాలి. వెల్వెట్ క్రిమికి కిరణజన్య సంయోగక్రియ కూడా ఉంది కాబట్టి తొట్టిని చీకటిగా ఉంచితే మందుకు తోడవుతుంది.

తింటూనే చిక్కిపోతూ, తెల్లటి దారంలాంటి మలం వేస్తుంటే పేగుల్లో పరాన్నజీవులు. మలద్వారం నుంచి ఎర్రటి పోగులు బయటికి కనిపిస్తే కామలానస్ పురుగులు. వాటికి లెవమిసోల్ అనే పురుగుల మందు, లీటరుకు 2 మి.గ్రా. లెక్కన, 24 గంటలు, లైటు ఆర్పి. ఆ తర్వాత అడుగు బాగా పీల్చి సగం పైగా నీళ్ళు మార్చాలి. రెండు మూడు వారాలకు మళ్ళీ ఒకసారి వేయాలి. అడుగున పడ్డ పురుగులు చచ్చి ఉండవు, మత్తులో ఉంటాయి. అందుకే ఇసుకను పీల్చడం మందంత ముఖ్యం.

పిల్లలు కావాలనుకుంటే

మీరు ఏమీ చేయకపోయినా మగ హనీ ఏదో ఒక రోజు ఫ్రాగ్‌బిట్ కింద నురగ కడుతుంది. ఆడదాని ముందు తలకిందులు కాకుండా నిటారుగా నిలబడి, నల్లటి గొంతు చూపిస్తూ గూడు దగ్గరికి పిలుస్తుంది. అన్ని చేపలూ కలిసి ఉండే ట్యాంకులో పిల్లలు బతకడం అరుదు. నిజంగా పెంచాలంటే జతను 30–40 లీటర్ల ట్యాంకుకు మార్చి, నీళ్ళు 15–20 సెం.మీ.కు తగ్గించి, 28 డిగ్రీలు పెట్టి, మూత అంచులు కూడా మూసేయాలి. గుడ్లు పెట్టాక ఆడదాన్ని వెంటనే తీసేయండి, లేకపోతే మగది దాన్ని చీల్చేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి, ఇంకో రెండు మూడు రోజులకు పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెడతాయి. అప్పుడు మగదాన్నీ తీసేయాలి.

చాలామంది ఓడిపోయేది ఆ మర్నాడే. పిల్లల నోరు అప్పుడే పొదిగిన ఆర్టీమియాకు కూడా చాలదు. మొదటి వారం, పది రోజులు ఇన్ఫ్యూజోరియా, అంటే నీళ్ళలో పెరిగే సూక్ష్మజీవులు, కావాలి, అది గుడ్లు పెట్టిన రోజు మొదలుపెడితే అందదు. జతను మార్చడానికి వారం ముందే, పాత ట్యాంకు నీళ్ళు ఒక సీసాలో పోసి, ఎండిన ఆకు ముక్క వేసి, వెలుతురున పెట్టుకోండి. నీళ్ళు ముందు పాలలా మసకబారి, తర్వాత తేరుకుంటాయి. తేరాక వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ధూళిలా కదిలేవి కనిపిస్తాయి. అవి కనిపించాకే జతను మార్చండి.